అర సెకను పైడిరాజు

ఆ ఫోటోలో రేవు ఖాళీగా ఉంది. పొద్దు వాలాక ఎవరో ఓపికగలవాడు కెమెరాని స్టాండు మీద నిలబెట్టి, షట్టరు అర నిమిషం తెరిచి ఉంచి తీసిన బొమ్మ. భీమిలి ఒడ్డు, కట్టేసిన పడవలు, ఆరేసిన వలలు ఉన్నాయి. మనిషన్నవాడు లేడు. అలలు కూడా లేవు. సముద్రం మీద ఎవరో తెల్లటి దుప్పటి పరిచి వెళ్ళినట్టుంది.

"జనం లేక కాదమ్మా," అన్నాడు నరహరి. "ఉన్నారు. కదిలారు. అందుకే ఫిల్ము మీద నిలవలేదు."

రుఖియా మీట నొక్కింది. గది మూలనున్న యంత్రం గొంతు సవరించుకున్నట్టు చిన్నగా మూలిగి పని మొదలుపెట్టింది. కాసేపటికి తెర మీద అదే రేవు కనిపించింది. కానీ ఇప్పుడు ఎడమ పక్కనుంచి ఒక ఆవిడ తల మీద చేపల గంపతో, ఒక చెయ్యి నడుముకి ఆన్చుకుని నింపాదిగా నడిచి వస్తోంది. ఆమె వెనకాల ఒక కుక్క. పడవ పక్కనుంచి నడిచిపోతూ ఒక ముసలాయన చుట్ట వెలిగించుకున్నాడు. అగ్గిపుల్ల వెలుగు అతని ముక్కు మీద ఒక్క క్షణం నిలిచింది. నలభై ఏళ్ళ కిందట వాళ్ళంతా కెమెరా ముందునుంచి నడిచి, ఫోటోలో జాడ లేకుండా వెళ్ళిపోయినవాళ్ళు.

"సార్! ఆ కుక్కకి మూడు కాళ్ళే సార్!" అని అరిచింది రుఖియా. ఆమె డాక్టరేటు చేసిన భౌతికశాస్త్రవేత్త. ఆరేళ్ళ శ్రమ ఫలించిన పూట ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది.

నరహరికి కళ్ళజోడు తుడుచుకోవలసి వచ్చింది.

ట్రేలోంచి బయటికి తీస్తే నెగటివ్ తేటనీళ్ళలా ఉంది. పడవల్లేవు, వలల్లేవు, ఒట్టి ప్లాస్టిక్ ముక్క. నరహరి దీన్ని ముందే ఊహించాడు. ఫిల్ము మీద పడే వెలుగు ఏటి ఒండ్రులా పొరలు పొరలుగా పేరుకుంటుంది, ముందు పడింది అడుగున, తర్వాత పడింది పైన. ఆ వెండి రేణువుల్ని పొరపొరగా తవ్వి చదవగలిగితే ఏ వెలుగు ముందు వచ్చిందో, ఏది వెనక వచ్చిందో తెలుస్తుంది. బొమ్మలో అణిగిపోయిన కదలిక బయటపడుతుంది. కానీ తవ్విన ఒండ్రు మళ్ళీ పేరుకోదు. ఒకసారి చదివితే నెగటివ్ పోయినట్టే. పైగా నాలుగింట ఒకటి చదవకుండానే చెదిరిపోయేది.

లోతులోంచి తోడి తెస్తుంది కనక రుఖియా ఆ యంత్రానికి చేద అని పేరు పెట్టింది.

*

పేపర్లో రెండు ముక్కలు పడేసరికి జనం బిస్కెట్ డబ్బాల్లో, స్వీటు పెట్టెల్లో నెగటివ్‌లు పెట్టుకుని ఆ యూనివర్సిటీ లాబ్ మెట్లెక్కడం మొదలుపెట్టారు. వాళ్ళలో నూటికి తొంభైమందికి చేద అక్కర్లేదు. ఎండలో తీసిన ఫోటోలో షట్టరు తెరుచుకునేది రెప్పపాటులో పదో వంతు, అందులో కదలికేముంటుంది? అలాంటివాళ్ళకి కిటికీ పక్కనున్న మామూలు స్కానరు మీద కాపీ తీసి, సెల్‌ఫోనులోకి పంపి, మంచినీళ్ళిచ్చి సాగనంపేవాడు నరహరి. రిటైరయ్యాక గౌరవ ఆచార్యుడిగా తనకి మిగిలిన పనుల్లో ఇదే ఎక్కువ నచ్చింది. నెగటివ్‌లో నల్లగా ఉన్న మొహాలు తెర మీద తెల్లబడి మనుషులయ్యేటప్పుడు చూసేవాళ్ళు "అదిగో మా నాన్న!" అంటూ ముందుకు వంగేవారు. ఆ వంగడం అతనికి ఇష్టం.

చేదతో చదివించుకున్నవాళ్ళందరూ సంతోషంగా వెళ్ళారని కాదు. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు తన కాలేజీ వరండా బొమ్మ చదివించుకున్నాడు. సాయంత్రం వెలుగులో తీసిన ఖాళీ వరండా. తెర మీద కుర్రవాడైన తాను పుస్తకాలు పట్టుకుని నడిచిపోతున్నాడు. వెనకనుంచి ఎవరో చెయ్యెత్తి పిలుస్తున్నారు. తాను తిరిగి చూడలేదు. "అది మా పరదేశి," అన్నాడాయన. "ఆ యేడే పోయాడు." కండువా సర్దుకుని వెళ్ళిపోయాడు. కాపీ కోసం మళ్ళీ రాలేదు.

ఆ తర్వాత నరహరి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఇంట్లో వాళ్ళందరూ సరేనంటేనే చేద. లేదంటే స్కానరు.

అతని సొరుగులో కూడా ఒక నెగటివ్ ఉంది. అతని భార్య కుముదిని తీసింది. చీకటి పడే వేళ కెమెరాని ఎదుటి పడవ అంచు మీద పెట్టి, సెల్ఫ్ టైమరు తిప్పి, అతని పక్కన కూర్చుందామని పరిగెత్తింది. టైమరు ఆమెకంటే ముందే పని కానిచ్చేసింది. ఫోటోలో అతను పరీక్ష హాల్లో ఇన్విజిలేటరులా బిగుసుకుని స్పష్టంగా ఉన్నాడు. ఆమె మాత్రం పసుపురంగు చార. "ఊదుబత్తి పొగలా వచ్చాను చూశారా!" అని ఆమె చాలారోజులు నవ్వింది. ఇంట్లో ఫోటోలన్నీ తీసింది ఆమే కనక, ఆమె పడ్డవి తక్కువ. ఆమె పోయి నాలుగేళ్ళయింది.

"మీ సొరుగులోది ఎప్పుడు సార్?" అని రుఖియా అప్పుడప్పుడు అడిగేది.

"చూద్దాంలే అమ్మా," అనేవాడు.

*

విజయనగరంనుంచి ఒక తల్లీ కూతురూ వచ్చినరోజు జల్లు కురుస్తోంది. తల్లి పేరు అప్పలనరసమ్మ, ఎనభైకి దగ్గర్లో ఉంది. కూతురు గౌరీశ్వరి ఆర్టీసీలో పనిచేసి రిటైరైంది. ముసలమ్మ మెట్ల దగ్గర ఆగి ఊపిరి తీసుకునే వేళకి వాన కాస్త తెరిపి ఇచ్చింది. "సూసినావా, మనకోసరమే ఆగింది," అంది కూతురితో.

గౌరీశ్వరి సంచిలోంచి పాత పట్టుగుడ్డ మూట తీసింది. అందులో అరచేతంత షీటు ఫిల్ము. స్టూడియోలో తీసిన గ్రూపు ఫోటో నెగటివ్. తండ్రి కుర్చీలో, తల్లి పక్కన నిలబడి, ఎనిమిదేళ్ళ గౌరీశ్వరి ఒక పక్క, మధ్యలో ఎత్తు స్టూలు మీద అయిదేళ్ళ పిల్లాడు.

"మా పైడిరాజు, బావూ," అంది అప్పలనరసమ్మ. "ఆడి పొటో ఇదొక్కటే. ఇది తీయించుకున్న వారానికే జరమొచ్చి పోనాడు. గోడ మీది పటానికి రోజూ దండేసుకునేదాన్ని. మొన్న తుపానుకి గోడంతా సెమ్మెక్కిపోయి, పటం గాజుకి అంటుకుపోనాది. ఊడదీస్తే మొకం గాజుతో వొచ్చీసింది."

"గంటస్తంభం దగ్గర స్టూడియో సార్, కాంతారావుగారిది," అని అందుకుంది గౌరీశ్వరి. "ఆయన పోయి చాలా కాలమైంది. వాళ్ళ కోడలు పాత ఫిల్ములన్నీ ఎవరివి వాళ్ళకి పిలిచి మరీ ఇచ్చింది. కంప్యూటర్లోకి ఎక్కిస్తే టీవీలో పెద్దగా చూపిద్దామని. అమ్మకి కళ్ళు ఆనడం లేదు."

"టీవీలో ఆడొస్తే నా సీరియల్ మానేస్తాను," అంది ముసలమ్మ.

"నువ్వా? మానెయ్యడమా?"

"ఒక పూట మానేస్తానే. ఏటనుకుంటన్నావు!"

మర్నాడు రమ్మని వాళ్ళని పంపించి, నరహరి నెగటివ్‌ని లైటు బల్ల మీద పెట్టాడు. దుమ్ము దులుపుదామని భూతద్దం వంచాడు. వంచినవాడు వంచినట్టే ఉండిపోయాడు.

పిల్లాడి మొహం మీద పెన్సిలు గీతలున్నాయి.

పాత స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిలు పెట్టడం కొత్తేం కాదు. పెళ్ళికూతురి మొటిమలు, ముసలాయన నుదుటి ముడతలు అలాగే మాయమయ్యేవి. కానీ ఇది మొటిమ చెరిపిన గీత కాదు. బుగ్గల గుండ్రదనం, నుదుటి వెలుగు, పెదవి వంపు, అన్నీ పెన్సిలే. కంటిపాపలు నల్లగా పడేందుకు బ్లేడు కొసతో ఫిల్ముని సుతారంగా గీకి, వాటిలో ఒక్కొక్క మెరుపు చుక్క పెట్టారు. ఆ గీతల కింద ఉన్నది ఒక మసక. పిల్లాడు కదిలాడు. స్టూడియో దీపాల వెలుగు చాలక షట్టరు అర సెకను తెరిచి ఉంచితే, ఆ అర సెకనులో కదిలాడు.

రుఖియాని పిలిచి చూపించాడు. ఆమె చాలాసేపు భూతద్దంలోంచి తలెత్తలేదు.

"అంటే ఆ అమ్మ ఇన్నేళ్ళూ దండ వేసింది..."

"కాంతారావుగారి బొమ్మకి."

"మరి చెప్పాలి కదా సార్."

"వాళ్ళు అడిగింది కాపీ, రుఖియా. ఇదంతా అడగలేదు."

"కాపీ అంటే ఉన్నది ఉన్నట్టు ఇవ్వడమే కదా సార్," అంది ఆమె. కాస్త ఆగి, మెల్లగా, "చేద వెండినే చదువుతుంది. పెన్సిలు దానికి కనపడదు. కింద ఉన్న పిల్లాడే వస్తాడు," అంది.

నరహరి ఫిల్ముని తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. మామూలు స్కానరు మీద కాపీ తీశాడు. తెర మీద బొద్దుగా, బుద్ధిగా, కళ్ళలో మెరుపుతో ఒక పిల్లాడు అతనికేసి చూశాడు. చూడచక్కని మొహం. ఆ వారంలోనే పిల్లాడు పోయాడని తెలిసి, ఆ తల్లి చేతిలో మసక పెట్టలేక, కాంతారావుగారు కూర్చుని, పెన్సిలు చెక్కుకుని, ఊపిరి బిగబట్టి గీసిన మొహం.

*

ఇంటికి వెళ్ళాక నరహరి ఉప్మా చేసుకున్నాడు. నాలుగేళ్ళయినా అతని చేతికి ఒక మనిషి కొలత రాలేదు. ఎప్పుడూ ఇద్దరికి అయ్యేది. మిగిలింది పక్కవాటా పిల్లలకి పంపేవాడు. వాళ్ళు తింటారో పారేస్తారో గాని, గిన్నె ప్రతిసారీ తోమి, అందులో ఏదో ఒకటి వేసి తిరిగి ఇచ్చేవారు. ఆ పూట నాలుగు జామకాయలు వచ్చాయి.

జామకాయ కోస్తూ ఆలోచించాడు. కాపీ ఇచ్చేసి ఊరుకుంటే ఎవరికీ నష్టం లేదు. ముసలమ్మ టీవీలో కొడుకుని చూసుకుంటుంది. ఆ మొహం ఆమెకి యాభై ఏళ్ళకి పైగా కొడుకే. అది కాదని చెప్పే హక్కు తనకెక్కడిది?

అప్పుడే ఫోను మోగింది. గౌరీశ్వరి.

"సార్, మీ మిషను గురించి పేపర్లో చదివాను. స్టూడియో ఫోటోలకి అర సెకనో ఎంతో పడుతుందట కదా. అర సెకనంటే మా తమ్ముడు కనీసం రెప్ప వేస్తాడు కదా సార్? అమ్మకి వాడు రెప్ప వెయ్యడం చూపిద్దామని. అమ్మకి చెప్పలేదు. రేపు ఉన్నట్టుండి చూపిస్తే మురిసిపోతుంది."

నరహరి కత్తి కింద పెట్టాడు. పెన్సిలు మొహం రెప్ప వెయ్యదు. ఇక చెప్పక తప్పదు.

"రేపు ఇద్దరూ రండమ్మా," అన్నాడు. "ముందు మీతో ఒక మాట చెప్పాలి."

*

కూతురికి ఒక్కదానికే చెబుదామనుకున్నాడు. కానీ లాబ్‌లో ముసలమ్మ కుర్చీని ఎంత దూరం జరిపినా చెవులు దగ్గరగానే ఉన్నాయి.

"గుసగుసలేటి బావూ? కళ్ళు పోతన్నాయి గాని సెవులు సుబ్బరంగా ఉన్నాయి. నా కొడుకు సంగతేనా?"

నరహరి గౌరీశ్వరి వంక చూశాడు. ఆమె తల దించుకుంది. అతను స్టూలు లాక్కుని ముసలమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, ఆ రోజు ఫోటో తీసేటప్పుడు పైడిరాజు కదిలాడు. మొహం చెదిరిపోయింది. కాంతారావుగారు పెన్సిలుతో మొహం గీశారు. మీరు చూస్తున్నది ఆ గీసిన మొహం."

ముసలమ్మ కన్నా ముందు కూతురే లేచింది.

"గీశారా? అంటే అది మా తమ్ముడు కాదా? నా మనవడు పుట్టినప్పుడు అచ్చం ఆ ఫోటోలాగే ఉన్నాడని వాడికి పైడిరాజని పేరు పెట్టుకున్నాం సార్! ఆ పోలిక ఎవరిదసలు? పెన్సిలుదా?"

"కూకోయే," అంది తల్లి. ఆమె చూపు తెర మీద పెద్దవిగా కనబడుతున్న పెన్సిలు గీతలకేసి తిరిగింది. బయట ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు వినపడింది.

"కాంతారావుగారు మంచోడు," అంది చివరికి. "పటం ఆయనే తెచ్చినాడు. గడప మీద పెట్టీసి ఎల్లిపోనాడు. మజ్జిగిస్తానన్నా ఆగనేదు. నా మొకంకేసి సూడనేదు. ఎందుకో అనుకున్నాను." కొంగుతో మూతి తుడుచుకుంది. "పటం సూడగానే మా ఆయనతో అన్నాను, మనోడు ఇంత బుద్దిమంతుడిలాగున్నాడేటి అని. పొటోల్లో అందరూ అలాగే ఉంటారే అన్నాడు. సరే కాబోలు అనుకున్నాను. సూడగా సూడగా కళ్ళకి అదే అలవాటైపోనాది. ఇప్పుడు కళ్ళు మూసుకున్నా అదే వస్తాది. అసలుది రాదు."

"అమ్మా, ఈ బొమ్మ కాపీ తీసి పెట్టాను," అన్నాడు నరహరి. "ఇది ఎక్కడికీ పోదు. కావాలంటే దీంతోనే..."

"మీ మిసను అసలుది సూపిస్తాదా?"

"చూపించొచ్చు. పిల్లవాడున్నంత మేరే చదువుతాం. మిగతా మీ ముగ్గురూ ఫిల్ము మీద అలాగే ఉంటారు. కానీ నాలుగింట ఒకసారి మిషను తప్పుతుంది. తప్పితే ఆ మసక కూడా మిగలదు. అదీగాక..." తెర మీదున్న మొహం చూపించాడు. "ఒకసారి అసలు మొహం చూశాక, ఈ మొహం ఇదివరకటిలా ఉండదమ్మా. అది నేను కాపీ తీసి దాచలేను."

"వద్దమ్మా," అంది గౌరీశ్వరి, తల్లి చెయ్యి పట్టుకుని. "ఉన్నదేదో ఉందిగా. నాకూ వాడి మొహం గుర్తులేదు. రేపు ఎవరో పిల్లాణ్ణి చూపించి వీడే అంటే, ఏమని తెలుసుకుంటాం?"

ముసలమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు.

"యాబయ్యేళ్ళు ఆ బొమ్మకి దండేసినానే," అంది నెమ్మదిగా. "ఆడికి ఒక్క రోజు ఎయ్యనేదు."

గౌరీశ్వరి ఏడుస్తూనే తల ఊపింది. నరహరి రుఖియాకి సైగ చేశాడు.

*

చేద మూలిగింది. ఆ శబ్దం ఎన్నోసార్లు విన్నదే అయినా ఆ పూట నరహరి లేచి వెళ్ళి రుఖియా వెనక నిలబడ్డాడు. రుఖియా తెర మీదున్న అంకెలు చూస్తూ పెదవి కొరుక్కుంది. కాసేపటికి వెనక్కి వాలి, "వచ్చాడు సార్," అంది.

ఆ అర సెకనుని నిమిషం పొడవునా సాగదీశారు. ఏ కదలికనైనా అలా సాగదీసి చూపించడం ఆ లాబ్ పద్ధతి. మొదటి రోజునుంచీ అంతే. ఎంత నిదానంగా చూస్తే అంత ఎక్కువ దొరుకుతుందని వాళ్ళ నమ్మకం.

తెర మీద పిల్లాడు వచ్చాడు. బక్కపలచటి మొహం. విచ్చుకున్న చెవులు. నుదుటి మీద పక్కకి జారిన కాటుక చుక్క. బుగ్గలు లేవు, మెరుపు చుక్కలు లేవు. నీళ్ళ అడుగున మొక్క ఊగినట్టు అతని తల అతి మెల్లగా ఒక పక్కకి ఒరగసాగింది. రెండు చేతులూ స్టూలు అంచుని పట్టుకునే ఉన్నాయి. తల భుజం దాకా వెళ్ళింది. మళ్ళీ మెల్లగా తిరిగి వచ్చింది.

అప్పలనరసమ్మ కుర్చీ తెరకి బాగా దగ్గరగా జరిపించుకుంది. కళ్ళు చికిలించింది. నిమిషం గడిచింది. రుఖియా మళ్ళీ మొదటినుంచి వేసింది.

"ఈడెవుడు?" అంది ముసలమ్మ.

కూతురి వైపు తిరిగింది.

"గౌరీ, ఈడెవుడే?"

గౌరీశ్వరి మొహానికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ తల్లికి ఉన్న కొడుకుని తీసేసుకుని ఎవరినో తెచ్చి చేతిలో పెట్టామనుకున్నాడు నరహరి. తప్పు మిషనుది కాదు. మిషను చక్కగానే చదివింది. అందుకే ఇంకా బాధగా ఉంది.

"ఇంకా నిదానంగా వేస్తే మొహం బాగా తెలుస్తుందేమో," అని రుఖియా గబగబా ఏవో నొక్కబోయింది.

"ఇంకా నిదానమా?" ముసలమ్మ ఆమె వైపు తిరిగింది. "ఇదేటమ్మా, ఆడు నూతిలో పడినట్టు కదులుతన్నాడు? మావోడు పుట్టి ఇంత నిదానంగా ఎప్పుడు కదిలినాడు? ఆడు గెంతితే గుమ్మంలో ఉండడు, వీదిలో ఉంటాడు."

"ఇది సాగదీసి చూపిస్తున్నాం అమ్మమ్మా. అసలైతే అర సెకనే. రెప్ప వేసేలోపు అయిపోతుంది, ఏమీ కనపడదు."

"కనపడకపోతే నేదు. ఆడి జోరున ఎయ్యి."

రుఖియా నరహరి వంక చూసింది. నరహరి రుఖియా వంక చూశాడు. ఇన్నాళ్ళలో వాళ్ళు ఒక్క బొమ్మనైనా దాని వేగంతో దాన్ని నడిపించి చూడలేదు. ఆ ఏర్పాటు ఎక్కడుందో కూడా రుఖియా వెతుక్కోవలసి వచ్చింది. దొరికాక నొక్కింది.

పిల్లాడు చటుక్కున తల వంచి, ఎడమ భుజానికి ముక్కు రాసి, మళ్ళీ నిటారుగా అయిపోయాడు. అంతే.

ముసలమ్మ కదల్లేదు.

"మళ్ళీ ఎయ్యి."

మళ్ళీ చటుక్కున వంగి, రాసి, లేచాడు.

ఆమె ఒళ్ళో ఉన్న కుడి చెయ్యి పిడికిలి బిగిసింది. ఆ పిడికిలి మోకాలి మీద ముందుకీ వెనక్కీ కదలడం మొదలుపెట్టింది. మొదట నరహరికి అర్థం కాలేదు. అది బట్ట ఉతికే చెయ్యి. ఒకే ఒక్క చోట మురికి పోక, అక్కడే సబ్బు పెట్టి రుద్దుతున్న చెయ్యి.

"ఎడం బుజం," అంది ఆమె. "ఎడం బుజమే గౌరీ! సేతులు కదపొద్దన్నారని ముక్కు బుజానికి రాస్తన్నాడే దొంగ ఎదవ! ఎన్నిసార్లు తిట్టినాను! ఆడి సొక్కాలకి ఆ బుజం ఒక్కటే ఎప్పుడూ అట్టకట్టేసి ఉండీది. సబ్బంతా దానికే అరిగిపోయేది..."

"అవునమ్మా," అంది గౌరీశ్వరి, ఏడుపులోంచి నవ్వు తన్నుకొస్తుండగా. "రుద్ది రుద్ది అక్కడ రంగు వెలిసిపోయేది. కొత్త చొక్కా అయినా అంతే. వాణ్ణి బళ్ళో 'బుజంగాడా' అని పిలిచేవారు. నేనెలా మర్చిపోయాను?"

"పైడే! ఆడు పైడే!" ముసలమ్మ తెర మీద చెయ్యి వేసింది. "నా పక్కనే ముక్కు తుడుసుకున్నాడు. నాను సూడనేదు. కదలొద్దన్నారని నాను ఆ కెమెరాకేసే సూస్తా నిలబడ్డాను. ఏడిసినట్టుంది నా బుద్ది."

ఎన్నిసార్లు వేయించుకుందో ఎవరూ లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఆమె భుజం కూడా రవ్వంత కదిలేది. బాగా తృప్తిపడ్డాక, "ఇప్పుడు నిదానంగా ఎయ్యమ్మా," అంది. ఈసారి తెర మీదికి వచ్చిన బక్క మొహాన్ని చెవుల దగ్గర్నుంచి గడ్డం దాకా ఓపిగ్గా, ఆబగా చూసుకుంది. "సెవులు మా నాన్నవి," అంది. "ఈ సెవుల సంగతే మర్సిపోనాను."

నరహరి ట్రేలోంచి ఫిల్ము తీశాడు. తండ్రి, తల్లి, అక్క ఎక్కడివారక్కడే ఉన్నారు. వాళ్ళ మధ్య పిల్లాడున్నంత మేరా కిటికీ తెరిచినట్టు తేటగా అయింది. కానీ ఆ కిటికీ పూర్తిగా ఖాళీగా లేదు. వెండి పోయింది గాని పెన్సిలు పోలేదు. ఒక బుగ్గ గుండ్రదనం, నుదుటి మీద సన్నటి గీతల గుంపు, పెదవి వంపు, రెండు చుక్కలు. యాభై ఏళ్ళ కిందటి చెయ్యి ఒక్కటే అక్కడ మిగిలింది.

వెలుగుకి ఎత్తి చూపించాడు. అప్పలనరసమ్మ దాన్ని రెండు చేతుల్తో అందుకుంది.

"ఇది కాంతారావుగారిది," అంది. "పాపం, ఎంత కష్టపడినాడో. ఆ మజ్జిగ తాగితే బాగుండును."

కాపీలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ రుఖియా అడిగింది. "అమ్మమ్మా, రెండు ఫైళ్ళకీ ఏం పేర్లు పెట్టమంటావు?"

ముసలమ్మ ఆలోచించింది. "కదిలేది పైడిగాడు. కదలంది కాంతారావుగారి పైడిగాడు. ఇద్దరూ ఉండాల. మునిమనవడికి పోలిక కావొద్దేటి?"

"ఇంక నీ సీరియల్ మానేస్తావా?" అంది గౌరీశ్వరి ముక్కు ఎగబీలుస్తూ.

"ఆడిది అర సెకనే కదే. అదయ్యాక సూసుకుంటాను," అంది తల్లి.

*

వాళ్ళు వెళ్ళాక లాబ్‌లో ఇద్దరే మిగిలారు. రుఖియా రేవు బొమ్మని తెరిచి, దాని వేగంతో దాన్ని నడిపించింది. గంప మోస్తున్న ఆవిడ చకచకా నడిచి వెళ్ళింది. మూడు కాళ్ళ కుక్క ఎగురుకుంటూ ఆమెని అందుకుంది. ఆ నడకలో అవిటితనం ఎక్కడా లేదు. అంత హుషారుగా ఉంది.

"మనం ఇన్నాళ్ళూ అందర్నీ నూతిలో పడేసి చూశాం సార్," అంది రుఖియా.

నరహరి నవ్వి సొరుగు తెరిచాడు. చిన్న కవరు బయటికి తీశాడు. రుఖియా ఆ కవరుని గుర్తుపట్టి కుర్చీలోంచి లేచింది.

"ట్రే సిద్ధం చేయనా సార్?"

అతను కాసేపు ఆ కవరుని చేతిలో తిప్పాడు. తర్వాత చేద పక్కనుంచి నడిచి, కిటికీ దగ్గరున్న మామూలు స్కానరు ముసుగు తీశాడు. గాజు తుడిచి, నెగటివ్‌ని దాని మీద పెట్టాడు. దీపం ఒక చివరనుంచి ఇంకో చివరికి నెమ్మదిగా జరిగింది.

తెర మీద భీమిలి ఒడ్డు వచ్చింది. పడవ అంచున బిగుసుకుని కూర్చున్న కుర్రవాడు వచ్చాడు. అతనికి కుడి పక్కనుంచి పసుపు చార. ఇన్నేళ్ళూ దాన్ని చూసినప్పుడల్లా అక్కడ ఆమె లేదనే అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే, ఆ చార ఫోటో అంచు దగ్గర పలచగా మొదలై, తన భుజం దగ్గరికి వచ్చేసరికి చిక్కబడుతోంది. కొస దాదాపు తనని తాకుతోంది.

రుఖియా అతని వెనక నిలబడి చూసింది.

"మేడమ్ మసగ్గా పడ్డారు సార్. కంప్యూటర్లో కాస్త సరిచేయనా?"

"వద్దమ్మా," అన్నాడు నరహరి. "పరిగెత్తుతోంది."